నీళ్ళలో మునిగే కర్రల్లో కత్తి పిడికి ఏది మంచిది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీరు డల్లాస్‌లో ఉంటున్నారు. హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కుని కాచి గట్టిపరచడం) అయిపోయిన 8 అంగుళాల చెఫ్ నైఫ్ బ్లాంక్, అంటే ఇంకా పిడి వెయ్యని కత్తి, ఒకటి కొన్నారు. దానికి మీ చేత్తో పిడి వేసి, డిసెంబరులో గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మగారికి ఇవ్వాలని మీ కోరిక. పిడికి నీళ్ళలో వేస్తే మునిగేంత గట్టి కర్ర కావాలి. స్నేక్‌వుడ్, కోకోబోలో, లిగ్నమ్ వైటే, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, డెసర్ట్ ఐరన్‌వుడ్... ఈ ఐదింట్లో ఏది కొనాలని అడిగారు. మీ మనసు స్నేక్‌వుడ్ మీదే ఉన్నట్టుంది.

నా మాట: డెసర్ట్ ఐరన్‌వుడ్ కొనండి. మంచి ముక్క దొరక్కపోతే బ్లాక్‌వుడ్. స్నేక్‌వుడ్ మాత్రం ఈ కత్తికి వద్దు.

నేను 16 ఏళ్ళుగా అరిజోనాలోని టూసాన్‌లో ఉంటూ కత్తులు చేస్తున్నాను. మా తాతకి ఊళ్ళో కొలిమి ఉండేది. కొడవళ్ళకి, కత్తులకి పిడి వెయ్యడం చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చూశాను. ఆయన కర్ర చేతిలోకి తీసుకోగానే చూసేది బరువు కాదు. "ఆరిందా?" అనేవాడు. అడ్డంగా కోసిన వైపు చెంపకి ఆనించుకుని చూసేవాడు, పచ్చి ఉంటే చల్లగా తగులుతుందని. ఆ ఒక్క ప్రశ్న ఎంత విలువైనదో నాకు ఇక్కడికి వచ్చి, ఖరీదైన కర్ర పాడుచేసుకున్నాక గానీ తెలియలేదు.

పని మొదలుపెట్టిన మూడో ఏడు మిన్నియాపొలిస్‌లో ఒకాయన స్నేక్‌వుడ్ పిడితో కత్తి కావాలన్నాడు. "పూర్తిగా ఆరింది" అని అమ్మినతను చెప్పిన మాట నమ్మి కొన్నాను. పాము చర్మం మీద మచ్చల్లాంటి ఆ గీతలు పాలిష్ చేస్తుంటే ఎర్రగా వెలిగిపోయాయి. అంత అందమైన పిడి అప్పటిదాకా నేను చెయ్యలేదు. అక్టోబరులో పంపాను. జనవరిలో ఆయన ఫొటో పంపాడు. ముందు పిన్ను (కర్రని ఉక్కుకి బిగించే లోహపు కడ్డీ) దగ్గర మొదలై పిడి చివరిదాకా వెంట్రుకంత పగులు. ఇంకో వైపు బద్ద, అంటే ఉక్కుకి రెండు పక్కలా అంటించే కర్రల్లో రెండోది, ఉక్కు మీదినుంచి కొంచెం లేచింది. వాళ్ళ ఇంట్లో చలికాలమంతా హీటర్ నడుస్తుంది, గాలి ఎండిపోయి ఉంటుంది. కర్ర లోపల మిగిలిన తేమ ఆ మూడు నెలల్లో బయటికి వచ్చింది, కర్ర కుంచించుకుంది, ఉక్కు కుంచించుకోదు. ఎటూ జరగలేని కర్ర చీలింది. ఆయనకి ఇంకో పిడి వేసిచ్చాను. ఆ పగిలిన బద్ద ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

కర్ర ఎంత గట్టిదైనా గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గదిలో తేమ 40 శాతం ఉంటే కర్రలో నీరు దాదాపు 8 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో తేమ 80కి చేరితే అది 16 దాకా వెళ్తుంది. ఏసీ నడిచే డల్లాస్ ఇల్లు మొదటి లెక్క, వానాకాలం గుంటూరు వంటిల్లు రెండో లెక్క. పిడి ఎత్తు 25 మిల్లీమీటర్లు అనుకుందాం. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి అడ్డంగా 5 శాతం తగ్గే కర్రకి, ఈ 8 శాతం తేడా వల్ల మిల్లీమీటరులో మూడోవంతు మార్పు వస్తుంది. పైన కొంచెం, కింద కొంచెం పంచుకున్నా ఒక్కో అంచు దగ్గర 0.15 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ మీరు నున్నగా కలిపిన ఉక్కు, కర్ర అతుకు మీద గోరు నడిపి చూడండి, అందులో మూడోవంతు మెట్టున్నా గోరు ఆగుతుంది. కూర తరిగే చేతికి అది ప్రతిరోజూ తగులుతుంది.

దట్టమైన కర్ర నీటిని మెల్లగా పీలుస్తుంది, మెల్లగా వదులుతుంది. పూర్తయిన పిడికి ఇది మేలే, రెండు రోజుల వానకి అది చలించదు. ఆరబెట్టేటప్పుడు ఇదే గుణం శత్రువవుతుంది. పైపొర ఆరిపోతుంది, నడిమి పచ్చిగానే ఉంటుంది. అందుకే ఈ కర్రల విషయంలో అమ్మేవాడి మాట మీద ఆధారపడకూడదు. సూదుల మాయిశ్చర్ మీటర్ కూడా నమ్మలేం, అవి మెత్తటి కర్రకి సరిచేసినవి, ఇంత దట్టమైన, నూనె ఉన్న కర్రలో తప్పు అంకె చూపిస్తాయి. నేను చేసేది ఒకటే: వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా. దిమ్మె ఇంటికి రాగానే తూచి, ఆ బరువు, తేదీ దాని మీదే పెన్సిల్‌తో రాస్తాను. ప్రతి ఆదివారం మళ్ళీ తూచి కింద రాస్తాను. 214, 212, 211, 210, 210, 210, 210. నాలుగు వారాలు అంకె కదలకపోతే ఆ కర్ర నా గది గాలితో రాజీపడిందని అర్థం. అప్పుడే రంపం పెడతాను. దిమ్మె మీద మైనం పూసి ఉంటే అది పచ్చిదనే లెక్క. చివరలు పగలకుండా అమ్మేవాళ్ళు ముంచి పెడతారు. నాలుగు పక్కలా మైనం గీకెయ్యండి, రెండు చివరలా మాత్రం ఉంచండి. చివరల నుంచే తేమ వేగంగా పోతుంది, వేగంగా పోయిన చోటే బీటలు వారుతుంది.

ఇప్పుడు బరువు సంగతి. నీటి సాంద్రత ఘనపు మీటరుకి 1000 కిలోలు. టేకు 650 దగ్గర ఉంటుంది. మీరడిగిన ఐదూ వెయ్యి దాటేవే: కోకోబోలో 1100 దగ్గర, ఐరన్‌వుడ్ ముక్కని బట్టి వెయ్యి పైన, స్నేక్‌వుడ్ 1200 చిల్లర, బ్లాక్‌వుడ్, లిగ్నమ్ వైటే రెండూ 1260 చుట్టుపక్కల. అంకెలు చూస్తే ఇంకా బరువైనది ఇంకా మేలనిపిస్తుంది. కానీ పూర్తయిన పిడిలో కర్ర ఎంతుంటుంది? రెండు బద్దలూ కలిపి 55 ఘనపు సెంటీమీటర్లు అనుకోండి. బ్లాక్‌వుడ్ అయితే 70 గ్రాములు, టేకు అయితే 36. తేడా 34 గ్రాములు. ఈ ఐదింటి మధ్య తేడా అయితే పదిహేను గ్రాముల లోపే. టాంగ్‌లో, అంటే పిడి లోపలికి వెళ్ళే ఉక్కు తోకలో, రెండు రంధ్రాలు ఎక్కువ వేస్తే ఆ తేడా కలిసిపోతుంది. పైగా కూరగాయల కత్తికి బరువు పిడి వైపు ఎక్కువైతే బ్లేడు ముందుకు లాగదు, చెయ్యి తొందరగా అలిసిపోతుంది. దట్టమైన కర్ర తీసుకోవడానికి నిజమైన కారణం బరువు కాదు. అది తొందరగా నీరు తాగదు, గోరుకి నొక్కుపడదు, వార్నిష్ లేకుండానే అద్దంలా మెరుస్తుంది. ఈ మూడూ వెయ్యి దాటిన ఏ కర్రలోనైనా దొరుకుతాయి. దాంతర్వాత ఎంచుకోవాల్సింది ఏది తక్కువ కదులుతుంది, ఏది చేతికి హాని చెయ్యదు అని.

స్నేక్‌వుడ్ గయానా, సురినామ్ అడవుల్లోది. సన్నటి మాను, అందులో మచ్చలున్న చేవ (మాను నడిమి గట్టి కర్ర) ఇంకా సన్నం. పాతకాలపు వయొలిన్ కమానులకి, చేతికర్రలకి వాడేవాళ్ళు. గట్టిదే, కానీ పెళుసు. వేడి తగిలితే పగులుతుంది, గాలి మారితే పగులుతుంది, పిన్ను కొంచెం బిగుతైతే పగులుతుంది. రెండు మూడేళ్ళు మీ దగ్గరే ఆరబెట్టి, ఎప్పుడూ ఒకే వాతావరణంలో గాజు బీరువాలో ఉండే కత్తికి వెయ్యండి. డల్లాస్ నుంచి గుంటూరు వెళ్ళి రోజూ నీళ్ళలో తడిసే కత్తికి అది సరిపోదు.

కోకోబోలో మెక్సికో నుంచి పనామా దాకా పసిఫిక్ వైపు పెరుగుతుంది. కోసినప్పుడు నారింజ, ఎరుపు, నలుపు కలిసిన రంగు, పని చేస్తుంటే గదంతా సుగంధం. కదలిక తక్కువ. దీనితో ఇబ్బంది వేరు. ఇందులోని సహజ రసాయనాలు ఒంటికి పడవు. మొదటిసారి ఏమీ కాదు, రెండోసారీ కాదు. ఒకసారి శరీరం దాన్ని గుర్తుపట్టిందంటే మాత్రం ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువగా తిరగబడుతుంది. నాకు ఐదో ఏడు ఒక ఉదయం లేచేసరికి రెండు కనురెప్పలూ ఉబ్బి కళ్ళు తెరుచుకోలేదు, మణికట్ల మీద దద్దుర్లు. డాక్టరు మానెయ్యమన్నారు, మానేశాను. పూర్తయిన పిడి పట్టుకున్నవాళ్ళకి సాధారణంగా ఏమీ కాదు, పొడితోనే ప్రమాదం. అయినా తడి చేత్తో రోజుకి గంటసేపు పట్టుకునే అమ్మగారి కత్తికి అది నేను వెయ్యను.

లిగ్నమ్ వైటే అంటే నాకు ఎనలేని గౌరవం. లాటిన్‌లో ఆ పేరుకి జీవపు కర్ర అని అర్థం. జమైకా జాతీయ పుష్పం ఈ చెట్టు పువ్వే. లోపలి జిగురే దానికి నూనె. ఓడల ప్రొపెల్లర్ షాఫ్టుకి సముద్రపు నీళ్ళలో తిరిగే బేరింగులు దశాబ్దాల పాటు దీనితోనే చేశారు. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ అనే ఇంగ్లీషు వడ్రంగి గడియారాలు చేసేవాడు, సముద్రం మీద రేఖాంశం కొలవడానికి పనికొచ్చే గడియారం చేసిన ఆయనే. అంతకుముందు ఆయన కర్ర గడియారాల్లో తిరిగే భాగాలకి ఇదే వాడాడు, నూనె వెయ్యాల్సిన అవసరం లేకుండా. బేరింగుకి వరమైన ఆ జారుడే పిడికి శాపం. తడి చేతిలో మైనపు ముద్దలా జారుతుంది, ఎపాక్సీ జిగురు పట్టదు. దాన్ని వదిలెయ్యండి.

బ్లాక్‌వుడ్ టాంజానియా, మొజాంబిక్‌లది. స్వాహిలీలో ఎంపింగో అంటారు. క్లారినెట్, ఓబో ఎక్కువగా చేసేది దీనితోనే. ఊదేవాళ్ళ నోటి తేమ లోపలినుంచి తగులుతూ, బయట పొడిగా ఉన్నా, సంవత్సరాలు ఆకారం నిలబెట్టుకునే కర్ర కాబట్టే వాళ్ళు దాన్ని ఎన్నుకున్నారు. పిడికి కూడా అంతే నమ్మకంగా ఉంటుంది. గీతలు కనబడవు, దూరం నుంచి నల్లటి ప్లాస్టిక్ అనుకుంటారు. వెలుతురులో తిప్పి చూస్తే లోపల ఊదా గోధుమ రంగు తీగలు కనిపిస్తాయి. ఇదీ కోకోబోలో వంశమే, మన జిట్రేగి వంశం కూడా. కాబట్టి పొడి విషయంలో జాగ్రత్త తప్పదు.

ఇక ఐరన్‌వుడ్. ఈ చెట్టు మా ఇంటి నుంచి అరగంట దూరంలో ఉంది కాబట్టి పక్షపాతం అనుకుంటారేమో. అరిజోనా దక్షిణం, మెక్సికోలో సోనోరా, ఆ ఎడారిలోనే పెరుగుతుంది. మన చింత, తుమ్మల కుటుంబమే. వందల ఏళ్ళు బతుకుతుంది. దాని నీడన సగ్వారో కాక్టస్ మొలకలు ఎండ నుంచి, మంచు నుంచి తప్పించుకుని పెరుగుతాయి. చచ్చిన మాను ఆ ఎండలో కుళ్ళకుండా అలాగే ఎన్నో ఏళ్ళు పడి ఉంటుంది. అంటే ఎడారే దాన్ని మనకోసం ఆరబెట్టి పెట్టింది. ఇంత బాగా ఆరిన దట్టమైన కర్ర ఇంకెక్కడా దొరకదు. నేను వేసిన ఐరన్‌వుడ్ పిడుల్లో హ్యూస్టన్ వెళ్ళినవి ఉన్నాయి, డెన్వర్ వెళ్ళినవి ఉన్నాయి, ఒకటి విశాఖలో బీచి దగ్గర ఇంట్లో ఉంది. ఒక్కటీ లేవలేదు, ఒక్కటీ పగల్లేదు. రంగు తేనె నుంచి కాఫీ దాకా, మధ్యమధ్య నల్లటి సుడులు. సోనోరాలో ఉండే సేరి జాతివాళ్ళు 1960ల నుంచి దీనితో తాబేళ్ళు, డాల్ఫిన్లు చెక్కుతున్నారు, ఎక్కడైనా కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి, ఆ నునుపు ఏమిటో తెలుస్తుంది.

కొనేటప్పుడు ఆ కర్ర ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. ఈ చెట్లున్న ఒక పెద్ద ప్రాంతాన్ని 2000లో ఐరన్‌వుడ్ ఫారెస్ట్ నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించారు. అక్కడినుంచి అనుమతి లేకుండా కర్ర తీసుకెళ్ళకూడదు. ప్రైవేటు భూమి నుంచి, కాగితాలతో వచ్చిన కర్ర అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళు అడిగితే చెప్తారు. చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఇంకో సంగతి, ఐరన్‌వుడ్ అనే పేరుతో ప్రపంచంలో డజన్ల కర్రలు అమ్ముతారు. ఒల్నేయా టెసోటా అని శాస్త్రీయ నామం రాసి ఉందో లేదో చూడండి.

ఎడారిలో ఏళ్ళ తరబడి ఎండిన కర్ర కాబట్టి వెంట్రుక పగుళ్ళు ఉండే అవకాశం ఉంది, సందుల్లో ఇసుక కూడా. పట్టుకునే చిట్కా ఇది. దిమ్మెను 220 గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో ఆసిటోన్ తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తూ ఉండండి. రెండు మూడు సెకన్లలో పైన అంతా ఆరిపోతుంది. పగులున్న చోట మాత్రం సన్నటి తడి గీత ఇంకాసేపు నిలుస్తుంది. అది దిమ్మె అంచు దగ్గరే ఉంటే కోసి పారెయ్యండి. మధ్యలోనుంచి పోతుంటే ఆ దిమ్మె వెనక్కి పంపెయ్యండి. రెండు దిమ్మెలు ఒకదానితో ఒకటి కొట్టి కూడా వినండి. మంచి కర్ర ఖంగుమంటుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. లేత పసుపు రంగు తెల్లచెక్క అంచున ఉంటే అందంగా కనిపిస్తుంది గానీ పిడిలోకి రానివ్వకండి. పురుగు తొలిచేది దాన్నే, చేవని కాదు.

బద్దలు ఒకే దిమ్మెని నిలువునా చీరి, పుస్తకం తెరిచినట్టు రెండు వైపులా పెట్టండి. అప్పుడు రెండూ ఒకేలా కదులుతాయి. చివరి ముఖం మీద వలయాల గీతలు కనిపిస్తే, అవి బద్ద వెడల్పు ముఖానికి నిట్టనిలువుగా ఉండేలా కోయించుకోండి. కర్ర వలయాల వెంట కదిలినంతగా వలయాలకి అడ్డంగా కదలదు, దాదాపు సగమే. బ్లాక్‌వుడ్‌లో ఆ గీతలు కనబడవు కాబట్టి అక్కడ ఈ బాధ లేదు, అదృష్టం కూడా లేదు.

పని మొదలుపెట్టే ముందు మాస్క్. సర్జికల్ మాస్క్ కాదు, పీ100 ఫిల్టర్లున్న రబ్బరు రెస్పిరేటర్. కర్ర పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. అపార్ట్‌మెంట్ గ్యారేజీలో చేస్తున్నానన్నారు, తలుపు తెరిచి, ఫ్యాను బయటికి తిప్పి పెట్టండి. పని బట్టలు ఇంట్లోకి తీసుకెళ్ళకండి, ముఖ్యంగా చిన్నపిల్లలుంటే.

అంటించడం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. కర్రలోని నూనె పైకి వస్తూనే ఉంటుంది, అందుకే ముందురోజు శుభ్రం చేసిపెట్టిన బద్ద పనికిరాదు. అంటించే ముఖాన్ని 80 నంబరు కాగితంతో గరుకు చేసి, ఆసిటోన్‌తో తుడిచి, గుడ్డకి రంగు అంటడం తగ్గేదాకా మళ్ళీ తుడిచి, అది ఆరిన పది నిమిషాల్లో ఎపాక్సీ పెట్టెయ్యండి. 24 గంటలు పట్టే నిదానపు ఎపాక్సీ కొనండి, ఐదు నిమిషాలది వద్దు. క్లాంపు మరీ బిగించకండి, జిగురంతా బయటికి కారిపోయి మధ్యలో ఏమీ మిగలదు. లోపల కాగితమంత పొర ఉండాలి.

రంధ్రాలు కొత్త బిట్టుతో, తక్కువ వేగంలో, కొంచెం కొంచెంగా, మధ్యమధ్య పైకి తీసి పొడి దులుపుతూ. పొగ వచ్చిందంటే కర్ర లోపల కాలుతోంది. పిన్ను వేళ్ళతో నెడితే జారి వెళ్ళాలి. సుత్తి కావలసి వస్తే రంధ్రం ఇరుకుగా ఉన్నట్టే, 0.1 మిల్లీమీటరు పెద్దది చెయ్యండి. గట్టి కర్రకి పిన్ను తల కొట్టి వెడల్పు చెయ్యడం అసలే వద్దు. బెల్ట్ గ్రైండర్ మీద చేతి తొడుగు లేకుండా పట్టుకోండి, వేళ్ళకి వెచ్చగా తగలగానే ఆపండి. అది వేడెక్కిన క్షణమే పగుళ్ళు పుడతాయి, అవి రెండు రోజుల తర్వాత కనిపిస్తాయి. 220 తర్వాత అంతా చేత్తోనే.

వార్నిష్ ఏ రకమైనదీ వెయ్యకండి. బ్లాక్‌వుడ్, కోకోబోలోల నూనె దాన్ని ఆరనివ్వదు, ఐరన్‌వుడ్‌కి అవసరమే లేదు. బఫింగ్ చక్రం మీద అద్దంలా చెయ్యాలనే ఆశ కూడా ఈ కత్తికి వద్దు. 600 దగ్గర ఆపి, తేనెమైనం కొంచెం రుద్ది గుడ్డతో తుడిచేస్తే చాలు. ఉల్లిపాయ, పచ్చిమామిడి తరిగే తడి చేతికి ఆ మాత్రం పట్టు కావాలి.

అమ్మగారి చెయ్యి గురించి మీరేమీ రాయలేదు. ఇన్నేళ్ళూ కత్తిపీట మీద కూర్చుని తరిగిన మనిషయితే, కత్తి కదలకుండా ఉండి కూరగాయ కదలడం ఆమెకి అలవాటు. చెఫ్ నైఫ్ దానికి తిరగేసిన పద్ధతి. అందుకే పిడి సన్నగా, తేలిగ్గా పట్టుకి దొరికేలా ఉండాలి. షాపుల్లో వచ్చే అమెరికన్ పిడి కొలతలు మగవాళ్ళ అరచేతికి చేసినవి. మందం 18 మిల్లీమీటర్లు, పొడవు 110 దగ్గర మొదలుపెట్టండి. వీడియో కాల్‌లో ఆమెని అట్లకాడ పట్టుకోమని, చూపుడు వేలు ఎక్కడ పెడుతుందో గమనించండి. మెత్తటి పైన్ ముక్కతో ముందు ఒక నమూనా పిడి చేసి చూసుకోండి, రూపాయి ఖర్చు లేని పని.

ఇంట్లో దానికి కావలసిన సేవ చిన్నది: సింకులో నానబెట్టకుండా కడిగి తుడిచెయ్యడం, నెలకోసారి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు. వేరుశెనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె రాయవద్దని చెప్పండి, కొన్నాళ్ళకి బంకలా అంటుకుంటాయి. విమానంలో కత్తి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలని మీకు తెలుసు, బ్లేడుకి అట్ట తొడుగు వేసి, లోపల గట్టిగా చుట్టండి. బ్లాక్‌వుడ్, కోకోబోలోలు డాల్బెర్జియా జాతివి, 2017 నుంచి ఆ జాతి దాదాపు అంతా సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2019లో వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో సరుకులో 10 కిలోల లోపు కర్ర ఉన్న పూర్తయిన వస్తువులకి మినహాయింపు ఉంది, కాబట్టి ఒక కత్తి పిడికి ఇబ్బంది లేదు. కోయని దిమ్మెలు మాత్రం పెట్టెలో పెట్టుకుని దేశాలు దాటించకండి.

ఇది చదివే ఆంధ్ర, తెలంగాణ మిత్రులు వేలు పోసి బయటి కర్ర తెప్పించుకోవాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. మన నారేపి దేశంలోకెల్లా బరువైన కర్రల్లో ఒకటి, అది కూడా నీళ్ళలో మునిగేదే. సండ్ర చేవ ఉంది. ముదురు చింతచేవ ఉంది, ఊదా గోధుమ రంగులో, పాలిష్ చేస్తే ఏ విదేశీ కర్రకీ తీసిపోదు. బిల్లుడు పట్టులా మెరుస్తుంది, కానీ దాని పొడి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది, మాస్క్ తప్పదు. అన్నిటికన్నా మంచి దారి, ఎవరింట్లోనైనా అటక మీద పడేసిన పాత రోకలి, విరిగిన బండి చక్రపు ఆకు. నలభై, యాభై ఏళ్ళు అదే ఊరి గాలిలో ఆరిన కర్ర అది. పైన నేను చెప్పిన ఆదివారం తూకాలు దానికి అక్కర్లేదు. ఎర్రచందనం మాత్రం ముట్టుకోకండి. అది 1995 నుంచి సైటిస్‌లో ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా చిన్న ముక్క దగ్గర ఉంచుకున్నా కేసు. శేషాచలంలో ఆ చెట్ల కోసం జరిగినవన్నీ మనకి తెలుసు. ఎవరైనా ముక్క ఇస్తానన్నా వద్దనండి.

డిసెంబరుకి ఆరు నెలలుంది, సరిగ్గా సరిపోతుంది. ఈ నెలలో రెండు దిమ్మెలు కొనండి, ఒకటి చాలదు, కోసేటప్పుడు ఏదో ఒకదాంట్లో పగులు బయటపడుతుంది. ఆగస్టు చివరిదాకా తూచండి. సెప్టెంబరులో పిడి వేసి, అక్టోబరు, నవంబరు మీ వంటింట్లో మీరే వాడండి. అతుకు మీద గోరు ఆగితే మళ్ళీ రుద్ది సరిచెయ్యడానికి టైముంటుంది. దిమ్మెలు రాగానే ఆరు వైపులా ఫొటోలు, మొదటి తూకం ఇక్కడ పెట్టండి. ఏ ముఖం బయటికి రావాలో, ఎక్కడ కోయాలో చూసి గీత గీసి పంపిస్తాను.